పాత బుల్లెట్ కేబుళ్లు: ముందు దారి చూడండి, తర్వాతే కొత్తది కొనండి

క్లచ్ బరువుగా ఉందని బండిని షెడ్డుకి తీసుకెళ్తే మొదట వినిపించే మాట, "వైరు పోయింది సార్, కొత్తది వేసేద్దాం". వైరంటే ఇక్కడ కేబులే. వేస్తారు. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే పాత వైరుని పాడుచేసిన వంపు, దాన్ని నొక్కిపెట్టిన ట్యాంకు, పట్టేసి కదలని నిపిల్ (వైరు చివర ఉండే చిన్న ఇత్తడి ముక్క) అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, మారింది వైరు ఒక్కటే. అందుకే ఇక్కడ ముందు దారి, తర్వాత నిపిళ్లు, ఆ తర్వాత ఆయిలు, చివర్లో అడ్జస్ట్‌మెంట్ చెప్తాను. ఈ వరస మార్చితే చేసిన పనే మళ్లీ చెయ్యాల్సి వస్తుంది.

తీసుకున్న బండి కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350. అంటే 346 సీసీ, నాలుగు గేర్లు, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉన్న పాత రకం. 1955లో మద్రాసులో మొదలైన ఈ బండి దశాబ్దాల పాటు పెద్దగా మారకుండానే నడిచింది కాబట్టి ఇందులో చెప్పేది చాలా ఏళ్ల మోడళ్లకి పనికొస్తుంది. యెజ్డీ, రాజ్‌దూత్ ఉన్నవాళ్లకి కూడా పద్ధతి ఇదే. యమహా ఆర్‌ఎక్స్ 100 వాళ్లకి మాత్రం ఆయిల్ పంపు సంగతి ఒకటి అదనంగా ఉంది, అది కింద విడిగా రాశాను, దాటెయ్యకండి.

ఏ వైరు ఏం చేస్తుంది

ఎడమ చేతి దగ్గర క్లచ్, దాని పక్కన చిన్న లివరుతో డీకంప్రెసర్ (కిక్ తేలిగ్గా కొట్టడానికి ఇంజన్ లోపలి ఒత్తిడిని వదిలేది). కుడి చేతి దగ్గర యాక్సిలరేటరు, ముందు బ్రేకు. ముందు చక్రం నుంచి మీటరుకి వెళ్లేది ఐదోది, అది లాగదు, గిర్రున తిరుగుతుంది, దాని లెక్క వేరు. వెనక బ్రేకుకి వైరు లేదు, రాడ్డే.

వైరులో లోపలిది ఇన్నర్, సన్నటి ఉక్కు పోగులు పేనిన తీగ. పైది ఔటర్, చుట్టలు చుట్టిన ఉక్కు పట్టీ మీద ప్లాస్టిక్ తొడుగు. చాలామంది ఇన్నర్‌నే పట్టించుకుంటారు గానీ ఔటర్ కూడా అంతే పనిచేస్తుంది: మీరు లివరు నొక్కినప్పుడు ఇన్నర్ ఎంత బలంతో లాగుతుందో ఔటర్ అంత బలంతో రెండు చివర్లా తోస్తుంది. ఔటర్ చివరి టోపీ అడ్జస్టర్‌లో (వైరు వదులూ బిగువూ మార్చే మరలో) సరిగ్గా కూర్చోకపోయినా, మధ్యలో వైరు గాల్లో ఊగుతున్నా, మీరు నొక్కిన దాంట్లో కొంత ఔటర్ వంగడానికే ఖర్చయిపోతుంది. లివరు మెత్తగా, రబ్బరు పట్టుకున్నట్టు అనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే.

బరువు ఎక్కడుందో ముందు తేల్చండి

ఏదీ కొనకముందు పది నిమిషాలు దీనికి పెట్టండి. క్లచ్‌నే తీసుకుందాం. అడ్జస్టర్ మొత్తం లోపలికి తిప్పేసి వైరుని వదులు చేసి, లివరు దగ్గర నిపిల్ బయటికి తీయండి. ఇప్పుడు ఖాళీ లివరుని వేలితో ఆడించండి, దానంతటదే వాలిపోవాలి. పట్టేస్తుంటే తప్పు లివరు పివట్ బోల్టుది, అంటే లివరు తిరిగే ఇరుసుది. తర్వాత వైరు కింది చివర కూడా ఊడదీసి, ఇన్నర్‌ని రెండు వైపులా చేత్తో లాగి చూడండి. ఇలాగే, అంటే వైరు బండి మీద దాని దారిలో ఉండగానే, ఒకసారి లాగండి. తర్వాత బండి మీంచి తీసేసి నేల మీద తిన్నగా పరిచి ఇంకోసారి లాగండి. నేల మీద తేలిగ్గా, బండి మీద బరువుగా ఉందంటే వైరు మంచిదే, దారి చెడ్డది. రెండు చోట్లా గరగరమంటే లోపల తుప్పు. రెండు చోట్లా తేలిగ్గా ఉండి కూడా బిగించాక బరువుగా ఉందంటే గేర్‌బాక్స్ వైపు, క్లచ్ స్ప్రింగుల వైపు చూడాలి, ఇక వైరు జోలికి వెళ్లనక్కర్లేదు.

విప్పేటప్పుడు

ముందు ఫోనుతో ఫొటోలు తీసుకోండి. హ్యాండిల్ తిన్నగా ఉంచి ఒకటి, పూర్తిగా ఎడమకి తిప్పి ఒకటి, కుడికి తిప్పి ఒకటి, ట్యాంకు తీశాక పైనుంచి ఇంకొకటి. పాత దారే తప్పయితే ఫొటో వల్ల ఏం లాభం అనుకోవచ్చు, కనీసం ఏది దేనికి ముందు వెళ్తుంది, ఏది వెనక వెళ్తుంది అన్నది గుర్తుంటుంది.

ట్యాంకు తీయకుండా ఈ పని చెయ్యొద్దు. పెట్రోల్ కాక్ కట్టేసి, పైపు ఊడదీసి, బోల్టులు విప్పితే ట్యాంకు చేతికొస్తుంది. పాత వైరు ఒక చివరకి గట్టి పురికొస కట్టి, రెండో చివర నుంచి మెల్లగా లాగితే, వైరు బయటికొచ్చి దాని దారిలో కొస మిగులుతుంది. కొత్తదాన్ని ఆ కొసకి కట్టి వెనక్కి లాగడమే. దారి మార్చాలనుకుంటే కొస అవసరం లేదు.

తీసిన పాత వైరుని పారేయకండి, అన్ని ఆధారాలూ దాని మీదే ఉంటాయి. ప్లాస్టిక్ తొడుగు చదునుగా నలిగిన చోట ట్యాంకు నొక్కింది. మెరిసేలా అరిగిన చోట ఫ్రేముకో ఫోర్కుకో రాసుకుంది. కరిగి ముద్దయిన చోట ఇంజన్ ఫిన్‌కో సైలెన్సర్ పైపుకో తగిలింది. తొడుగు పగిలి లోపలి చుట్టలు తెరుచుకుని కనిపిస్తే అక్కడ వంపు మరీ ఎక్కువ. ఈ మచ్చల్ని బండి మీద ఎక్కడెక్కడ పడ్డాయో పోల్చి చూస్తే కొత్త దారి ఎలా ఉండాలో అదే చెప్పేస్తుంది. ఇంకో విషయం, తర్వాత సెల్ఫ్ స్టార్ట్ పెట్టించిన బండ్లలో ఒక్కోసారి వైరు తొడుగు ఒక చోట కాదు, పొడుగునా కాలినట్టు మెత్తబడుతుంది. ఇంజన్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఎర్త్ వైరు ఊడిపోయి, స్టార్టర్ కరెంటు క్లచ్ వైరు మీదుగానో యాక్సిలరేటరు వైరు మీదుగానో వెళ్తే ఇలా అవుతుంది. ముందు ఎర్త్ బాగుచెయ్యండి, లేకపోతే కొత్తది కూడా కాలుతుంది.

దారి వేయడం

అన్నిటికీ వర్తించే సూత్రాలు కొన్నే. అరచేతి వెడల్పు కంటే బిగువైన వంపు ఎక్కడా ఉండకూడదు. లివరు నుంచి, అడ్జస్టర్ నుంచి బయటికొచ్చే మొదటి రెండంగుళాలు తిన్నగా ఉండాలి. హ్యాండిల్ ఏ వైపు తిప్పినా వైరు బిగుసుకోకూడదు, ఫోర్కుకీ ఫ్రేముకీ మధ్య నలగకూడదు. వేడి భాగాలకి దూరంగా ఉండాలి. జిప్ టై వేస్తే వైరు అందులో వేలితో జరిగేంత వదులుగా వెయ్యాలి, పీక పిసికినట్టు బిగిస్తే అక్కడే కొత్త వంపు పుడుతుంది.

క్లచ్ వైరు: ఈ బండిలో అన్నిటికంటే తిరకాసు దారి దీనిదే. లివరు ఎడమ చేతికి, క్లచ్ ప్లేట్లు కూడా ఎడమ వైపే, కానీ వాటిని తోసే రాడ్డు గేర్‌బాక్స్ షాఫ్టు మధ్యలోంచి వెళ్లి కుడి వైపు తేలుతుంది, దాన్ని నొక్కే ఆర్మ్ కుడి కవర్ లోపల ఉంటుంది. అంటే వైరు ఎడమ నుంచి బయలుదేరి ఎక్కడో ఒక చోట కుడికి దాటాలి. ఆ దాటడం స్టీరింగ్ హెడ్ దగ్గర పెద్ద వంపుతో మెల్లగా జరగాలి, ట్యాంకు కింద హఠాత్తుగా కాదు. దాటాక ఫ్రేము గొట్టం పక్కనే వెళ్లి గేర్‌బాక్స్ మీదికి పైనుంచి వీలైనంత నిటారుగా దిగాలి. ట్యాంకు రబ్బర్లు అరిగిపోయి ఉంటే ట్యాంకు కిందికి దిగి సరిగ్గా ఇక్కడే వైరుని నొక్కుతుంది. రబ్బర్లు మార్చడం కూడా క్లచ్ పనిలో భాగమే అనుకోండి.

యాక్సిలరేటరు వైరు: సన్నటిది, తేలిగ్గా మడత పడుతుంది. హెడ్‌లైట్ నాసిల్ (హెడ్‌లైటూ మీటరూ కూర్చునే తొడుగు) వెనక నుంచి వదులైన వంపుతో ట్యాంకు కిందికి, అక్కడి నుంచి కార్బురేటర్ మూత మీదికి. మూత దగ్గర వైరు పక్కకి లాగేస్తూ వంగి ఉంటే లోపలి స్లైడ్ (గాలి దారిని తెరిచి మూసే ముక్క) పైకి వెళ్లాక కిందికి దిగదు. స్లైడ్ తిరిగి పెట్టేటప్పుడు దాని గాడి కార్బురేటర్ లోపలి పిన్ను మీద కూర్చోవాలి, కోసినట్టుండే వైపు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. పెట్టాక ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే యాక్సిలరేటరు తిప్పి వదిలేయండి, టప్‌మని స్లైడ్ కిందికి పడిన చప్పుడు వినిపించాలి. ఆ చప్పుడు లేకుండా కిక్ కొట్టొద్దు.

ముందు బ్రేకు వైరు: ఫోర్కుతో పాటు చక్రం పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి దీనికి వదులు కావాలి, కానీ ఆ వదులు టైరు మీద పడకూడదు. మెయిన్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లో ఉండగా వైరు బిగువుగా ఉందేమో చూడండి. తర్వాత బండిని దింపి, ముందు బ్రేకు పట్టి, ఇంకొకరిని హ్యాండిల్ మీద బరువు వేసి నొక్కమనండి, అప్పుడు వైరు ఎటు ఉబ్బుతుందో కనిపిస్తుంది. అది ఉబ్బే వైపు టైరు గానీ స్పోకులు గానీ ఉంటే క్లిప్పు చోటు మార్చాల్సిందే.

డీకంప్రెసర్ వైరుకి దారి సులువే. స్పీడోమీటర్ వైరుకి మాత్రం వంపులు ఎంత పెద్దవైతే అంత మంచిది, మీటరు ముల్లు వణుకుతోందంటే చాలాసార్లు కారణం మీటరు కాదు, కింద హబ్ దగ్గరో పైన నాసిల్‌లోకి వెళ్లే చోటో ఉన్న బిగువు వంపు.

హ్యాండిల్ మార్చినవాళ్లకి ఒక మాట. ఎత్తు హ్యాండిల్ వేసి పాత వైర్లనే సాగదీసి బిగించడం, పొట్టి హ్యాండిల్ వేసి మిగిలిన వైరుని చుట్టలు చుట్టి నాసిల్ ముందు వదిలేయడం, రెండూ రోజూ రోడ్డు మీద కనిపిస్తాయి. హ్యాండిల్ మీద వేలు ఖర్చుపెట్టి వైర్ల దగ్గర పిసినారితనం ఎందుకో నాకర్థం కాదు. కొత్త హ్యాండిల్‌కి తగ్గ పొడవున్న వైర్లే వెయ్యండి.

నిపిల్ తిరగాలి

దీన్ని దగ్గరగా చూడండి. లివరులో గూడు లాంటి రంధ్రం, అందులో చిన్న పీపాలాంటి ఇత్తడి నిపిల్. మీరు లివరు నొక్కే కొద్దీ లివరు కోణం మారుతుంది, వైరు మాత్రం తన దిక్కులోనే లాగాలి, అందుకే నిపిల్ ఆ గూట్లో తిరగాలి. వానకీ దుమ్ముకీ అది గూటికి అతుక్కుపోతే, తిరగాల్సిన నిపిల్ బదులు దాని మూతి దగ్గర వైరు వంగుతుంది. ప్రతి నొక్కుడికీ ఒకసారి. సిటీ ట్రాఫిక్‌లో రోజుకి ఎన్నిసార్లు క్లచ్ పడతారో లెక్కేసుకోండి. కొన్నాళ్లకి నిపిల్ అంచున ఒక పోగు తెగి ముల్లులా పైకి లేస్తుంది, తర్వాత రెండోది, చివరికి ఓ సిగ్నల్ దగ్గర టక్‌మని మొత్తం పోతుంది. క్లచ్ వైర్లు ఎక్కువగా మధ్యలో కాకుండా లివరు చివర తెగేది ఇందుకే.

మందు చాలా చవక. నిపిల్ తీసి, గూడు లోపల సన్న శాండ్‌పేపర్‌తో తుప్పు దులిపి, చిటికెడు గ్రీజు రాసి, వేళ్లతో తిప్పితే తిరిగేలా పెట్టడమే. లివరు పివట్ బోల్టుకీ, కింది చివర నిపిల్‌కీ అదే పని. ఒక్క పోగు తెగి కనిపించినా వైరు మార్చండి, బ్రేకు వైరైతే ఆ రోజే.

నిపిల్ సొంతంగా టంకం వేసుకోవచ్చా అంటే క్లచ్‌కీ డీకంప్రెసర్‌కీ వేసుకోవచ్చు. వైరుని నిపిల్‌లోంచి దూర్చి, బయటి కొసన పోగుల్ని పువ్వులా విడదీసి, నిపిల్ గుంటలోకి అణిచి, ఫ్లక్స్ (టంకం బాగా అతుక్కోవడానికి రాసేది) రాసి టంకం నింపాలి. పోగులు విప్పకుండా తిన్నగా అతికిస్తే ఎంత టంకం పోసినా జారిపోతుంది. వేడి ఎక్కువైతే టంకం వైరులోకి పాకి, అక్కడిదాకా కడ్డీలా బిగుసుకుని, ఆ అంచునే విరుగుతుంది. పని అయ్యాక ఫ్లక్స్‌ని నీళ్లతో కడిగేయండి, లేకపోతే అదే తుప్పు పట్టిస్తుంది. ముందు బ్రేకుకి మాత్రం ఈ ప్రయోగాలు వద్దు, మంచి కంపెనీ వైరు కొనుక్కోండి.

ఆయిలు

ముందు వైరు ఏ రకమో చూడండి. ఔటర్ లోపల నైలాన్ గానీ టెఫ్లాన్ గానీ గొట్టం ఉంటే దానికి ఆయిలు పెద్దగా అవసరం లేదు, చిక్కటి గ్రీజు ఎక్కిస్తే దుమ్ము పట్టి జిగురై ఇంకా బరువెక్కుతుంది. లోపల గొట్టం లేని పాత రకానికి మాత్రం పల్చటి ఆయిలు కావాలి. కుట్టుమిషను ఆయిలు చాలు, కొంచెం ఇంజన్ ఆయిలు కలిపినా ఫర్వాలేదు. డబ్ల్యుడి-40 స్ప్రే నీటినీ మురికినీ బయటికి తోయడానికి మంచిదే గానీ అది ఆరిపోతుంది, దాని తర్వాత ఆయిలు పోయాల్సిందే.

పోసే పద్ధతి: వైరు పై చివర ఊడదీసి నిటారుగా వేలాడదీయండి. చిన్న ప్లాస్టిక్ కవర్ మూల కత్తిరించి, ఔటర్ చివర చుట్టూ టేపుతో గట్టిగా చుట్టి గరాటులా చేసి, అందులో రెండు చెంచాల ఆయిలు పోసి, ఇన్నర్‌ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. తొందరుంటే సూది తీసేసిన సిరంజికి సన్న రబ్బరు గొట్టం తగిలించి ఎక్కించొచ్చు. ముందుగా కింద నల్లగా, తుప్పు రంగులో చుక్కలు పడతాయి. శుభ్రమైన ఆయిలు పడేదాకా ఆపకండి. ఎంతకీ తుప్పు రంగే వస్తుంటే ఆ వైరు ఆయుష్షు తీరిందని అర్థం.

వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేస్తే మన దగ్గర సరిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా తరచుగా చూసుకోవాలి. నీళ్లు లివరు దగ్గర దూరి వైరు వెంట జారి, అన్నిటికంటే కింద ఉన్న వంపులో నిలిచిపోతాయి, కాబట్టి లివరు దగ్గరి రబ్బరు టోపీ చిరిగితే వెంటనే మార్చండి.

స్పీడోమీటర్ వైరుకి గ్రీజు కావాలి, కానీ కింది మూడింట రెండొంతులకే. పై భాగం పొడిగా వదిలేయండి. తిరుగుతూ తిరుగుతూ గ్రీజు పైకెక్కి మీటరులోకి దూరితే ముల్లు ఇరుక్కుపోతుంది.

అడ్జస్ట్ చెయ్యడం

క్లచ్: చేతి దగ్గరి వదులు మాత్రమే చూసి వైరు అడ్జస్టర్ తిప్పుతూ పోవడమే అందరూ చేసే పని. వరస ఇలా ఉండాలి. వైరు అడ్జస్టర్ పూర్తిగా వదులు చెయ్యండి. గేర్‌బాక్స్ కుడి కవర్ మీదున్న చిన్న మూత విప్పండి. లోపల లాక్ నట్, స్క్రూ ఉంటాయి. నట్ వదులు చేసి స్క్రూని రాడ్డుకి తగిలేదాకా మెల్లగా తిప్పి, అక్కడి నుంచి పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించండి. మూత పెట్టాక వైరు అడ్జస్టర్‌తో లివరు మొదట్లో 2 నుంచి 3 మి.మీ. వదులు ఉండేలా చూసుకోండి. అసలు వదులే లేకపోతే క్లచ్ జారి ప్లేట్లు కాలతాయి, మరీ ఎక్కువైతే గేర్లు కరకరమంటాయి, న్యూట్రల్ దొరకదు.

డీకంప్రెసర్: లివరు దగ్గర స్పష్టంగా తెలిసే వదులు ఉండాలి. ఇది బిగువైతే ఎగ్జాస్ట్ వైపు పూర్తిగా మూసుకోదు, కిక్ తేలికైపోతుంది, బండి పికప్ పోతుంది, సైలెన్సర్‌లో పటపటమంటుంది. కంప్రెషన్ పోయిందని హెడ్ విప్పించే ముందు ఈ వైరుని ఒకసారి ఊడదీసి కిక్ కొట్టి చూడండి, చాలా డబ్బు మిగులుతుంది.

ముందు బ్రేకు: చక్రం చేత్తో తిప్పితే రాసుకోకుండా తిరగాలి, లివరు గ్రిప్పుకి తగలకముందే గట్టిపడాలి. అడ్జస్టర్ మొత్తం బయటికొచ్చేసిందంటే అరిగింది బ్రేకు షూలు. వైరు సాగిందనుకుని పొట్టిది వెయ్యకండి.

యాక్సిలరేటరు: గ్రిప్పు అంచు దగ్గర 2 నుంచి 5 మి.మీ. ఖాళీగా తిరగాలి. తర్వాత అసలైన పరీక్ష: మెయిన్ స్టాండ్ మీద, న్యూట్రల్‌లో, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా హ్యాండిల్ ఎడమ చివరిదాకా, కుడి చివరిదాకా మెల్లగా తిప్పండి. చప్పుడు పిసరంత పెరిగినా వైరు ఎక్కడో లాగుతోంది. ఐడిల్ స్క్రూ తగ్గించి సర్దుబాటు చెయ్యకండి, మళ్లీ దారి దగ్గరికే వెళ్లండి. యూ-టర్న్‌లో బండి దానంతటది ముందుకి దూకితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లకి

ఇక్కడ యాక్సిలరేటరు వైరు మధ్యలో రెండుగా చీలుతుంది, ఒకటి కార్బురేటర్‌కి, ఇంకొకటి ఆటోల్యూబ్ ఆయిల్ పంపుకి (ఇంజన్‌కి ఆయిలు దానంతటదే అందించే పంపు). మీరు ఎంత తిప్పితే పంపు అంత ఎక్కువ టూ-టీ ఆయిలు (టూ-స్ట్రోక్ ఇంజన్ ఆయిలు) పంపాలి. పంపు వైపు వైరు తెగినా, చీలిక దగ్గర ఊడినా బండి మామూలుగానే పరుగెడుతుంది, పికప్‌లో తేడా తెలియదు, పంపు మాత్రం కనీస స్థాయిలోనే ఉండిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఆయిలు చాలక పిస్టన్ సీజ్ అయ్యాకే, అంటే సిలిండర్‌లో పట్టేశాకే, తెలుస్తుంది. అందుకే ఎప్పుడూ ముందు కార్బురేటర్ వైపు వదులు, ఐడిల్ సరిచేసి, ఆ తర్వాత మాన్యువల్‌లో చెప్పిన థ్రాటిల్ స్థానంలో పంపు చక్రం మీది గుర్తు పిన్నుకి ఎదురుగా వస్తోందో లేదో చూసుకోవాలి. కార్బురేటర్ వైపు అడ్జస్టర్ కొంచెం ముట్టుకున్నా పంపు గుర్తు మళ్లీ చూడాలి. పంపు తీసేయించి పెట్రోల్‌లోనే ఆయిలు కలిపే బండైతే ఈ గొడవ లేదు, ఆయిలు కలపడం మర్చిపోకుండా ఉంటే చాలు.

దారిలో తెగితే

దూరప్రయాణాలకి, అది లదాఖ్ అయినా మన శ్రీశైలం ఘాట్ అయినా, స్పేర్ క్లచ్ వైరుని డిక్కీలో పెట్టుకోవడం కంటే బండి మీదే పాతదాని పక్కనే పరిచి, రెండు చివర్లూ కవర్‌తో చుట్టి టేపు వేసి ఉంచడం మేలు. దారి ఎప్పుడో వేసేసి ఉంటుంది కాబట్టి ట్యాంకు విప్పే పని ఉండదు, చివర్లు మార్చితే సరి. యాక్సిలరేటరుకి కూడా ఒకటి ఇలాగే వేసుకోవచ్చు. దానితో పాటు స్క్రూతో బిగించే నిపిల్ ఒకటి, చిన్న పానా, కటింగ్ ప్లేయరు టూల్ బాక్స్‌లో ఉంచండి. స్క్రూ నిపిల్ ఇంటికి చేర్చడానికే, బ్రేకుకి వాడకండి.

అవేవీ లేకుండా క్లచ్ వైరు తెగితే, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, బండిని తోసుకుంటూ నాలుగడుగులు పరుగెత్తి, ఎక్కి కూర్చుంటూనే మొదటి గేరు వెయ్యండి. పల్లం ఉంటే ఇంకా సులువు. కదిలాక పైగేర్లు వేసేటప్పుడు యాక్సిలరేటరు ఒక్క క్షణం వదిలి గేరు నెడితే పడిపోతుంది. ఆగాలంటే ముందే న్యూట్రల్‌లోకి తెచ్చుకోండి, పాత బుల్లెట్ గేర్‌బాక్స్ మీద దానికోసమే ఒక చిన్న న్యూట్రల్ లివరు ఉంది, మడమతో నొక్కితే మొదటి గేరులో తప్ప మిగతా గేర్ల నుంచి నేరుగా న్యూట్రల్‌కి వస్తుంది. ట్రాఫిక్ ఎక్కువున్న ఊళ్లోకి మాత్రం ఇలా వెళ్లకండి, ఊరి బయటే ఆపి వైరు తెప్పించుకోండి.